బీఎస్సీ కెమిస్ట్రీ ప్లానింగ్: ఇంటర్ ఫలితాల నుంచి ఆఖరి సెమిస్టర్ దాకా

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి నన్ను అడిగే ప్రశ్నలు ప్రతి ఏడాదీ ఇంచుమించు అవే. "సార్, బీఎస్సీలో ఏ కాంబినేషన్ తీసుకోమంటారు?" "బైపీసీ చదివాను, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ దాకా వెళ్లగలనా?" "మా ఊరి కాలేజీలో చేర్చాలా, సిటీకి పంపాలా?" ఫోన్‌లో ఎంత చెప్పినా సగం మిగిలిపోతోంది. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒక వరసలో రాస్తున్నాను.

కెమిస్ట్రీ డిగ్రీకి ప్లాన్ వెనక నుంచి వేసుకోవాలి. డిగ్రీ అయ్యాక ఎక్కడికి వెళ్లాలో ముందు రాసుకుని, అక్కడ ఏం అడుగుతారో చూసి, ఆ తర్వాతే కాంబినేషన్, కాలేజీ ఎంచుకోవాలి. చాలామంది ముందు సీటు తెచ్చుకుని ఐదో సెమిస్టర్‌లో ఆలోచన మొదలుపెడతారు. అప్పటికి కొన్ని దారులు మూసుకుపోయి ఉంటాయి.

## 1. డిగ్రీ తర్వాత ఏంటో కాగితం మీద రాయండి

ఒక తెల్లకాగితం తీసుకోండి. డిగ్రీ పూర్తయిన మరుసటి జూన్‌లో మీరు ఏం చేస్తూ ఉండాలనుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాయండి. కెమిస్ట్రీ విద్యార్థులు ఎక్కువగా వెళ్లే దారులు ఇవి.

ఎమ్మెస్సీ, ఆపైన పరిశోధన. దీనికి మూడు కావాలి: గణితం, ఎంట్రన్స్ సన్నద్ధత, ల్యాబ్‌లో చెయ్యి తిరగడం. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ, తెలంగాణ యూనివర్సిటీలకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్ యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్ రాయాలి.

ఫార్మా ఉద్యోగం. పటాన్‌చెరు, జీడిమెట్ల, పాశమైలారం, ఇటు పరవాడ, అచ్యుతాపురం, పైడిభీమవరం వైపు బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లను తీసుకునే కంపెనీలు ఉన్నాయి. ఎనలిటికల్ కెమిస్ట్రీ, పరికరాల పరిచయం, రికార్డు సరిగ్గా రాసే అలవాటు ఉన్నవాళ్లకు క్వాలిటీ కంట్రోల్‌లో చోటు దొరుకుతుంది. అవి లేకపోతే ఎక్కువమంది ప్రొడక్షన్ షిఫ్టులకే వెళ్తున్నారు.

టీచర్ ఉద్యోగం. బీఈడీలో ఫిజికల్ సైన్స్ మెథడాలజీ తీసుకోవాలంటే డిగ్రీలో కెమిస్ట్రీతో పాటు ఫిజిక్స్ కూడా ముఖ్యం. బాటనీ, జువాలజీతో కెమిస్ట్రీ చదివినవాళ్లు సాధారణంగా బయలాజికల్ సైన్స్ వైపు వెళ్తారు. ఆ ఏడాది ఎడ్‌సెట్ (బీఈడీ ప్రవేశ పరీక్ష) అర్హతల పేజీ ముందే చదవండి. డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చాక చూసుకుంటే చేయగలిగిందేమీ ఉండదు.

ఇంకా తేల్చుకోలేదు. ఇందులో తప్పేమీ లేదు. పదిహేడేళ్లకు అన్నీ తేలిపోవాలని లేదు. అలాంటప్పుడు ఏ దారీ మూసుకుపోని కాంబినేషన్ తీసుకోండి. ఎంపీసీ చదివినవాళ్లకు గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీయే అలాంటిది.

## 2. గణితం సంగతి ముందే తేల్చుకోండి

ఈ ఒక్క విషయం దగ్గర ఆగి రాయాలి. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో కెమిస్ట్రీ అంటే ఎంతో ఇష్టం ఉండి కూడా మధ్యలో జావగారిపోయినవాళ్లు ఎక్కువగా గణితం దగ్గరే ఆగిపోయారు.

బైపీసీ విద్యార్థికి ఆర్గానిక్ బాగానే నడుస్తుంది. ఫిజికల్ కెమిస్ట్రీ దగ్గర ఇబ్బంది మొదలవుతుంది. మొదటి క్రమాంక చర్య రేటు సమీకరణం ఎలా వచ్చిందో తెలియాలంటే సమాకలనం రావాలి. థర్మోడైనమిక్స్‌లో స్థితి ప్రమేయం అర్థం కావాలంటే పాక్షిక అవకలనం రావాలి. క్వాంటమ్ మెకానిక్స్‌లో వచ్చే పెట్టెలో కణం సమస్యకు అవకలన సమీకరణం కావాలి. ఇవేవీ రాకపోతే సూత్రాలను బట్టీ పట్టడమే మిగులుతుంది. బట్టీ పట్టింది సెమిస్టర్ పరీక్షలో గట్టెక్కిస్తుంది కానీ ఎంట్రన్స్‌లో పనికిరాదు.

రెండో చిక్కు అర్హతది. జామ్ పరీక్ష ఎవరైనా రాయవచ్చు కానీ సీటు ఇచ్చేటప్పుడు కొన్ని సంస్థలు ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం చదివి ఉండాలని అడుగుతాయి. ఏ సంస్థ ఏం అడుగుతుందో జామ్ సమాచార పత్రంలో సంస్థల వారీగా ఉంటుంది. బైపీసీ వాళ్లు చేరకముందే ఆ పట్టిక చూసి, తమకు వీలున్న సంస్థల పేర్లు రాసిపెట్టుకోవాలి.

అర్హత మాట ఎలా ఉన్నా, నేర్చుకోవడం మీ చేతిలో ఉంది. ఇంటర్ ఎంపీసీ గణితం 1ఏ, 1బీ, 2ఏ, 2బీ పుస్తకాలు సీనియర్ల దగ్గరో, కోఠి లాంటి చోట పాత పుస్తకాల షాపుల్లోనో దొరుకుతాయి. నాలుగూ మొత్తం చదవనక్కర్లేదు. ఈ వరసలో రోజుకు 45 నిమిషాల చొప్పున చేయండి:

- 1ఏ నుంచి: ప్రమేయాలు, మాత్రికలు, నిర్ధారకాలు
- 1బీ నుంచి: అవధులు, అవకలనం, గరిష్ఠ కనిష్ఠ విలువలు
- 2బీ నుంచి: సమాకలనం, నిశ్చిత సమాకలనులు, అవకలన సమీకరణాల్లో మొదటి భాగం
- 2ఏ నుంచి: సంభావ్యత
- వీటికి ముందు: సంవర్గమానాలు, ఘాతాలు, సరళరేఖ వాలు, గ్రాఫు గీయడం

ఇందులో ఏ అధ్యాయం పూర్తయినా, కెమిస్ట్రీలో దాన్ని వాడే చోటు ఒకటి వెతికి లెక్క చేయండి. సమాకలనం అయ్యాక మొదటి క్రమాంక చర్య అర్ధాయువు మీరే రాబట్టండి. సరళరేఖ అయ్యాక అరీనియస్ గ్రాఫు వాలు నుంచి ఉత్తేజన శక్తి లెక్కించండి. అలా జత కలిపితేనే గణితం గుర్తుంటుంది. అలవాటు లేనివాళ్లకు మొత్తం నాలుగైదు నెలలు పడుతుంది. మొదటి ఏడాదిలో ఈ పని ముగిస్తే చాలు.

## 3. డిగ్రీ కాలేజీ ఒక్కటే దారి కాదు

ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. ఐసర్‌లు అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా, పరిశోధన సంస్థలు ఏడు ఉన్నాయి, అందులో ఒకటి తిరుపతి దగ్గర ఏర్పేడులో ఉంది. ఐదేళ్ల బీఎస్ ఎమ్మెస్ కోర్సుకు ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం, బయాలజీ నుంచి 15 చొప్పున 60 ప్రశ్నలు, మూడు గంటలు, 240 మార్కులు. బైపీసీ వాళ్లూ రాయవచ్చు. భువనేశ్వర్‌లో అలాంటి సంస్థే అయిన నైసర్‌కు నెస్ట్ అనే వేరే పరీక్ష ఉంది.

ఈ దరఖాస్తుల గడువులు ఇంటర్ పరీక్షల హడావిడిలోనే వచ్చి వెళ్లిపోతుంటాయి. ఈఏపీసెట్ (పాత పేరు ఎంసెట్), నీట్ కోచింగ్‌లో ఉన్న పిల్లలకు ఈ సంగతి ఎవరూ గుర్తు చేయరు. జనవరి నుంచి వారానికొకసారి ఆ వెబ్‌సైట్లు చూసే పని ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి.

ఇవి రాకపోతే బాధపడి కూర్చోవద్దు. డిగ్రీ కాలేజీలో మూడేళ్లు చదివి జామ్ రాసి ఐఐటీలో ఎమ్మెస్సీ చేరే దారి ఎప్పుడూ ఉంది.

## 4. కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూడండి

బ్రోచర్ చూసి కెమిస్ట్రీ కాలేజీ ఎంచుకోవద్దు. మధ్యాహ్నం రెండు గంటల వేళ, ప్రాక్టికల్స్ జరిగే సమయానికి వెళ్లండి. అమ్మానాన్నల్లో ఒకరిని వెంట తీసుకెళ్లండి. ప్రిన్సిపాల్ గది కన్నా ముందు ల్యాబ్ చూపించమని మర్యాదగా అడగండి. చూపించడానికి ఇష్టపడకపోతే అదే మీకు సమాధానం.

ల్యాబ్‌లో చూడాల్సినవి:

- బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నారు, ప్రతి విద్యార్థికీ సొంత బ్యూరెట్ ఉందా
- ఫ్యూమ్ హుడ్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పనిచేస్తున్నాయా
- కుళాయిల్లో నీళ్లు వస్తున్నాయా, కళ్లు కడుక్కునే ఏర్పాటు, మంటలార్పే సిలిండర్ ఉన్నాయా
- ఎనలిటికల్ బ్యాలెన్స్, పీహెచ్ మీటర్, కండక్టివిటీ మీటర్, కలరీమీటర్ వాడుకలో ఉన్నాయా, కవరు కప్పి దుమ్ము పట్టి ఉన్నాయా
- రసాయనాల సీసాల మీద లేబుళ్లు, తేదీలు ఉన్నాయా
- మూడో ఏడాది విద్యార్థి రికార్డులో రీడింగులు నిజంగా తీసినవేనా, అందరివీ ఒకేలా ఉన్నాయా

ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇద్దరు ముగ్గురి రికార్డుల్లో అదే ప్రయోగానికి అవే రీడింగులు కనిపిస్తే, అక్కడ ప్రయోగాలు కాగితం మీదే జరుగుతున్నాయని అర్థం.

సీనియర్లను పక్కకు పిలిచి రెండు ప్రశ్నలు అడగండి. "పోయిన సెమిస్టర్‌లో ఎన్ని ప్రాక్టికల్స్ మీ చేత్తో చేశారు?" "కెమిస్ట్రీకి పర్మనెంట్ లెక్చరర్లు ఎంతమంది ఉన్నారు?" హాస్టల్, బస్సు, ఫీజు సంగతులు ఆ తర్వాత చూసుకోవచ్చు. పాత ప్రభుత్వ కాలేజీల్లో భవనం పెచ్చులూడుతున్నా కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ గట్టిగా ఉండటం నేను చాలా చోట్ల చూశాను. మెరిసే ప్రైవేటు కాలేజీలో ఒక్క లెక్చరర్ మూడు సెక్షన్లు నడపడమూ చూశాను.

## 5. అడ్మిషన్ సమయంలో చేయాల్సినవి

తెలంగాణలో డిగ్రీ సీట్లు దోస్త్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి నడిపే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ద్వారా ఇస్తారు. రెండింటిలోనూ వెబ్ ఆప్షన్ల వరసే ముఖ్యం. రావచ్చనుకున్న సీటు కాదు, కావాలనుకున్న సీటు పైన పెట్టండి. కింద పెట్టిన ఆప్షన్ వచ్చాక పైది కావాలంటే మళ్లీ తర్వాతి విడత దాకా ఆగాలి.

సీటు వచ్చాక గడువులోపు రిపోర్ట్ చేయకపోతే అది పోతుంది. ప్రతి ఏడాదీ కొందరు పిల్లలు ఈ ఒక్క కారణంతో ఏడుస్తూ వస్తారు.

సిద్ధంగా ఉంచుకోవాల్సినవి:

- ఆధార్‌కు లింకైన మొబైల్ నంబర్, అది పనిచేస్తున్న సిమ్
- ఇంటర్ మెమో, పదో తరగతి మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు
- కుల ధ్రువీకరణ పత్రం, తాజా ఆదాయ ధ్రువీకరణ పత్రం
- మీ పేరుతో బ్యాంకు ఖాతా

మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఒక్క అక్షరం తేడాతో స్కాలర్‌షిప్ ఆగిపోయిన కేసులు ఎన్నో.

కాంబినేషన్ విషయంలో రెండు రాష్ట్రాలకూ తేడా ఉంది. తెలంగాణలో మూడు సబ్జెక్టులు కలిపి తీసుకునే పద్ధతి అలవాటైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి ఒక మేజర్, దానికి తోడు మైనర్ అనే పద్ధతి తెచ్చారు. మీరు చేరే ఏడాది నోటిఫికేషన్‌లో నిబంధన ఎలా ఉందో చదివాకే నిర్ణయించుకోండి. కెమిస్ట్రీ మేజర్ తీసుకునేవాళ్లకు మైనర్‌గా నా ఓటు గణితానికో ఫిజిక్స్‌కో. ఫార్మా పరిశోధన వైపు గట్టిగా అనుకున్నవాళ్లు మైక్రోబయాలజీ లాంటివి ఆలోచించవచ్చు. స్నేహితులంతా కంప్యూటర్స్ తీసుకున్నారని మాత్రం తీసుకోవద్దు.

## 6. క్లాసులు మొదలయ్యే ముందు

అడ్మిషన్‌కూ మొదటి క్లాసుకూ మధ్య దొరికే రోజులు బంగారం లాంటివి. ఇంటర్ కెమిస్ట్రీ నుంచి ఈ ఐదు మాత్రం మళ్లీ గట్టి చేసుకోండి: మోల్ భావన, ద్రావణాల గాఢత లెక్కలు, ఆక్సీకరణ సంఖ్య, ఎలక్ట్రాన్ విన్యాసం, ఆర్గానిక్ పేర్లు పెట్టే పద్ధతి.

పరీక్ష ఇలా పెట్టుకోండి. 250 మి.లీ. 0.05 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లం ద్రావణానికి స్ఫటిక ఆక్సాలిక్ ఆమ్లం ఎన్ని గ్రాములు తూచాలి? పుస్తకం చూడకుండా 1.576 గ్రాములు అని వచ్చిందా? స్ఫటికంలో ఉన్న రెండు నీటి అణువులను మరిచిపోతే 1.125 వస్తుంది. ఆ తప్పు ల్యాబ్‌లో మొదటి వారమే చాలామంది చేస్తారు.

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు రెండు నిలువు వరసల నోట్‌బుక్ పెట్టుకోండి. ఒక వైపు మీకు తెలిసిన తెలుగు పదం, రెండో వైపు క్లాసులో వినే ఇంగ్లిష్ పదం. అవక్షేపం, సమయోజనీయ బంధం, సమతాస్థితి, ఉత్ప్రేరకం. రోజుకు పది పదాలు చాలు. తెలుగు అకాడమీ పుస్తకాలు పక్కన పెట్టుకుని ఇంగ్లిష్ పాఠం చదివితే రెండు నెలల్లో బెరుకు పోతుంది. భావం ముందు తెలుగులో అర్థమైతే, ఇంగ్లిష్‌లో రాయడం అభ్యాసంతో వస్తుంది.

## 7. సెమిస్టర్ల వారీగా ఏం చేయాలి

ఒకటి, రెండు సెమిస్టర్లు: పునాది. పరమాణు నిర్మాణం, రసాయన బంధం, ఆర్గానిక్‌లో ఎలక్ట్రాన్ల కదలిక. ఆర్గానిక్ చర్యలను పట్టికలుగా బట్టీ పట్టొద్దు. ప్రతి చర్యకూ ఎలక్ట్రాన్ జంట ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో బాణం గీయండి. రోజుకు మూడు చర్యలు, ఖాళీ కాగితం మీద, పుస్తకం మూసి. గణితం పని ఈ రెండు సెమిస్టర్లలోనే పూర్తవ్వాలి.

మూడు, నాలుగు సెమిస్టర్లు: అసలు బరువు ఇక్కడే. థర్మోడైనమిక్స్, గతిశాస్త్రం, ఎలక్ట్రోకెమిస్ట్రీ, సమన్వయ సమ్మేళనాలు, స్పెక్ట్రోస్కోపీ. సిలబస్‌ల వరస యూనివర్సిటీని బట్టి మారుతుంది కానీ మధ్య ఏడాది బరువు ఎక్కడైనా ఇంతే. ఈ దశ నుంచి సెమిస్టర్ పరీక్షకు చదివిన ప్రతి యూనిట్‌కూ, దానికి సంబంధించిన పాత జామ్ ప్రశ్నలు పది చేయండి. విడిగా కోచింగ్‌కు వెళ్లడం కన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుందని నా అనుభవం. స్వయం, ఎన్‌పీటెల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదికల్లో పాఠాలు ఉచితంగా వినవచ్చు.

ఐదు, ఆరు సెమిస్టర్లు: ఎంట్రన్స్, ప్రాజెక్టు, ఇంటర్వ్యూ. కొత్తగా పునాది వేసుకోవడానికి ఇక్కడ సమయం ఉండదు.

వారం ఇలా విడగొట్టుకోవచ్చు:

- సోమ, బుధ: ఫిజికల్, లెక్కలతో సహా
- మంగళ, గురు: ఆర్గానిక్, రాస్తూ
- శుక్ర: ఇనార్గానిక్, ఆవర్తన పట్టిక ముందు పెట్టుకుని
- శని: వారం ల్యాబ్ పని లెక్కలు, రికార్డు, వచ్చే ప్రయోగం చదవడం
- ఆది: వారంలో అర్థం కాని మూడు విషయాలు రాసి, సోమవారం లెక్చరర్‌ను అడగడానికి సిద్ధం చేసుకోవడం

రోజుకు రెండు గంటలు నిజంగా కూర్చుంటే చాలు. పరీక్షల ముందు నెలలో పది గంటల చొప్పున చదివేవాళ్లు దీన్ని అందుకోలేరు.

## 8. ల్యాబ్: ఇక్కడ తగ్గితే డిగ్రీ సగమే

కెమిస్ట్రీ చేతుల్లోకి రావాలి. ల్యాబ్‌కు వెళ్లే ముందు రాత్రి అరగంట ఆ ప్రయోగం చదవండి. ఒక చిన్న కాగితం మీద మూడు రాసుకెళ్లండి: ఏం కొలుస్తున్నాను, ఏ రసాయనం ప్రమాదకరం, ఎక్కడ తప్పు జరిగే వీలుంది. కాటన్ ఆప్రాన్, కళ్లద్దాలు, మూసిన చెప్పులు లేకుండా లోపలికి వెళ్లొద్దు. చున్నీ, జుట్టు ముడి వేసుకోండి. ఆమ్లాన్ని నీటిలో కొద్దికొద్దిగా పోయాలి, ఎప్పుడూ నీటిని ఆమ్లంలో పోయకూడదు.

అంశమాపనాల్లో (టైట్రేషన్లలో) వచ్చే తప్పులు, సరిచేసుకోవడం:

రీడింగులు కలవడం లేదా? బ్యూరెట్‌ను దాంట్లో పోసే ద్రావణంతోనే కడగాలి, కోనికల్ ఫ్లాస్క్‌ను మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే. చాలామంది ఫ్లాస్క్‌ను కూడా ద్రావణంతో కడిగి, ఎక్కువ రీడింగు తెచ్చుకుంటారు. బ్యూరెట్ కొన కింద గాలిబుడగ ఉందేమో చూడండి. గరాటు తీసేశాకే మొదటి రీడింగు తీయండి. వరుస రీడింగులు 0.1 మి.లీ. లోపు కలిసేదాకా చేయాలి.

పర్మాంగనేట్ పోస్తుంటే గోధుమరంగు మడ్డి వస్తోందా? సల్ఫ్యూరిక్ ఆమ్లం తక్కువైంది, లేదా పర్మాంగనేట్ గబగబా పోశారు. ఆక్సాలిక్ ఆమ్లాన్ని 60 నుంచి 70 డిగ్రీల దాకా వేడి చేసి, మొదటి చుక్కల రంగు పోయేదాకా ఆగి, తర్వాత పోయండి. సల్ఫ్యూరిక్ బదులు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడకూడదు, అది కూడా పర్మాంగనేట్‌ను తినేస్తుంది. రంగు ముదురు కాబట్టి ఇక్కడ రీడింగు పై అంచు దగ్గర తీయాలి.

అయొడిన్ అంశమాపనంలో ఎండ్ పాయింట్ సరిగ్గా రావడం లేదా? స్టార్చ్ ముందే వేసి ఉంటారు. ద్రావణం లేత పసుపుకు వచ్చాకే స్టార్చ్ వేయండి.

సాల్ట్ ఎనాలిసిస్‌లో: క్లోరైడ్ పరీక్షకు సోడియం కార్బొనేట్ ఎక్స్‌ట్రాక్ట్‌ను విలీన నత్రికామ్లంతో పూర్తిగా ఆమ్లీకృతం చేయకుండా సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లటి అవక్షేపం వచ్చి మోసం చేస్తుంది, అది సిల్వర్ కార్బొనేట్. మూడో గ్రూపులో అమ్మోనియం క్లోరైడ్ ముందు, అమ్మోనియం హైడ్రాక్సైడ్ తర్వాత. ఈ వరస తప్పితే తర్వాతి గ్రూపుల లోహాలూ ఇక్కడే అవక్షేపం అవుతాయి. ఒక గ్రూపు లేదని తేల్చేముందు మళ్లీ ఒకసారి చేయండి.

ఆర్గానిక్ తయారీల్లో: స్ఫటికాలు రావడం లేదంటే ద్రావణి ఎక్కువైంది. కొంచెం ఆవిరి చేసి, కదపకుండా నెమ్మదిగా చల్లారనివ్వండి. గాజుకడ్డీతో బీకరు లోపలి గోడను గీకితే స్ఫటికాలు మొదలవుతాయి. ద్రవీభవన స్థానం నాలుగైదు డిగ్రీల మేర పరుచుకుని వస్తే పదార్థం శుద్ధంగా లేదు, లేదా సరిగ్గా ఆరలేదు.

రికార్డు గురించి. రీడింగులు పెన్నుతో, అక్కడికక్కడే, తేదీతో అబ్జర్వేషన్ బుక్‌లో రాయండి. తప్పైతే ఒక్క గీత కొట్టి పక్కన రాసి సంతకం చేయండి. వైట్‌నర్ వద్దు, అంకె మీద అంకె దిద్దడం వద్దు, చిత్తుకాగితం మీద రాసి తర్వాత ఎక్కించడం వద్దు. ఫార్మా క్వాలిటీ కంట్రోల్‌లో ఇదే నియమం, అక్కడ దిద్దిన అంకె ఉద్యోగం పోయేదాకా తెస్తుంది. పక్కవాళ్ల రీడింగు రాసుకుంటే మార్కు వస్తుంది, చెయ్యి మాత్రం రాదు. మీ విలువ తప్పొస్తే తప్పుగానే రాసి, కారణం కింద రాయండి. మంచి లెక్చరర్ దానికి ఎక్కువ మార్కులే వేస్తారు.

## 9. వేసవి సెలవులు, ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్

ఆంధ్రప్రదేశ్‌లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లు కోర్సులో భాగమే. వీటిని సర్టిఫికెట్ కొని గట్టెక్కే పనిగా చూడొద్దు. కెమిస్ట్రీ విద్యార్థి తన ఊరి బోరు నీళ్లను పది చోట్ల నుంచి తెచ్చి కాఠిన్యం, పీహెచ్, క్లోరైడ్ కొలిస్తే అదే మంచి ప్రాజెక్టు. ఈడీటీఏ, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ, పీహెచ్ 10 బఫర్ ఉంటే కాఠిన్యం ఏ డిగ్రీ ల్యాబ్‌లోనైనా కొలవవచ్చు. ఫ్లోరైడ్ సమస్య ఉన్న నల్గొండ, ప్రకాశం జిల్లాల పిల్లలకు ఇది ఇంటి విషయం కూడా.

పరిశోధన వైపు వెళ్లాలనుకునేవాళ్లు మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి. రెండు నెలలు పరిశోధన సంస్థలో పనిచేయవచ్చు. దరఖాస్తులో మీకు ఏ అంశం ఎందుకు ఇష్టమో రాయమంటారు. దాన్ని సొంతంగా రాసి, లెక్చరర్‌తో దిద్దించుకోండి. సంక్రాంతి తర్వాత చూద్దాంలే అనుకుంటే గడువు దాటిపోవచ్చు, దసరా సెలవుల నుంచే వెబ్‌సైట్ గమనించండి.

ఇంటర్ బోర్డులో పై ఒక శాతంలో ఉన్నవాళ్లు ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ నోటిఫికేషన్ కూడా చూసుకోవాలి. సహజ విజ్ఞాన శాస్త్రాలు చదివేవాళ్ల కోసమే అది. తెలియక వదులుకుంటున్నవాళ్లు మన దగ్గర చాలామంది.

## 10. జామ్, ఇతర పరీక్షల ప్లాన్

జామ్ కెమిస్ట్రీ పేపరులో మూడు గంటల్లో 60 ప్రశ్నలు, 100 మార్కులు. మొదటి భాగంలో 30 ప్రశ్నలు, ఒకే సరైన జవాబు, తప్పుకు మార్కు కోత ఉంటుంది. రెండో భాగంలో 10 ప్రశ్నలకు ఒకటికి మించి సరైన జవాబులు ఉండవచ్చు. మూడో భాగంలో 20 ప్రశ్నలకు అంకె రాయాలి. చివరి రెండు భాగాల్లో కోత లేదు. అంటే లెక్క చేయగలిగినవాళ్లకు అక్కడ మార్కులు భద్రం. గణితం మీద అంతగా ఒత్తి చెప్పడానికి ఇది కూడా కారణం.

మూడేళ్ల డిగ్రీ వాళ్లకు పని వరస:

- నాలుగో సెమిస్టర్ తర్వాతి వేసవి: సిలబస్ ప్రింట్ తీసి, వచ్చినవి, సగం వచ్చినవి, రానివి అని గుర్తులు పెట్టండి
- ఐదో సెమిస్టర్ మొదట్లో: దరఖాస్తు, కేటగిరీ సర్టిఫికెట్లు అడిగిన నమూనాలో సిద్ధం
- దసరా నుంచి డిసెంబర్ దాకా: పాత పేపర్లు, వారానికి ఒకటి, గడియారం పెట్టుకుని
- జనవరి: కొత్తవి ఆపి, చేసిన తప్పుల నోట్‌బుక్ మాత్రమే
- ఫిబ్రవరి: పరీక్ష

కేంద్ర సంస్థలకు ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ల నమూనా మన రాష్ట్ర నమూనాకు వేరుగా ఉంటుంది. తహసీల్దార్ ఆఫీసులో రోజులు పడతాయి. ముందే పెట్టుకోండి. జామ్‌తో పాటు సీయూఈటీ పీజీ, మీ రాష్ట్ర పీజీ పరీక్ష కూడా తప్పకుండా రాయండి. ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుంటే టెన్షన్ పెరుగుతుంది.

ఫార్మా ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు నార్మాలిటీ, మొలారిటీ, బఫర్, స్టాండర్డైజేషన్, పీహెచ్ మీటర్ కాలిబ్రేషన్, హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం) పనిచేసే సూత్రం, కార్ల్ ఫిషర్ పద్ధతిలో తేమ కొలవడం గురించి నోటితో చెప్పడం సాధన చేయండి. ప్రొడక్షన్ ఉద్యోగం ఇస్తామంటే ఒక ప్రశ్న మీరే అడగండి: "చేరగానే సేఫ్టీ ట్రైనింగ్ ఎన్ని రోజులు ఇస్తారు?" మంట పట్టే ద్రావణుల మధ్య పనిచేయబోయే మీకు అది తెలుసుకునే హక్కు ఉంది. సరైన జవాబు రాకపోతే జీతం ఎంతైనా ఆలోచించుకోండి.

## 11. మూడేళ్లా, నాలుగేళ్లా

యూజీసీ చట్రంలో మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఆపైన తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడాది పరిశోధనతో ఆనర్స్ చేయవచ్చు. నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లకు ఒక ఏడాది పీజీ అనే పద్ధతీ ఉంది.

నా సలహా ఇది. మీ కాలేజీలో నాలుగో ఏడాదికి నిజంగా ప్రాజెక్టు చేయించే గైడ్, పనిచేసే పరికరాలు ఉంటేనే ఉండండి. లేకపోతే మూడేళ్లకు డిగ్రీ తీసుకుని మంచి చోట ఎమ్మెస్సీకి వెళ్లండి. అమెరికాలో పైచదువు అనుకునేవాళ్లకు మాత్రం లెక్క వేరు. అక్కడ చాలా యూనివర్సిటీలు పదహారేళ్ల చదువు అడుగుతాయి కాబట్టి నాలుగో ఏడాది గానీ ఎమ్మెస్సీ గానీ కావాలి. కెమిస్ట్రీ పీహెచ్‌డీకి అక్కడ సాధారణంగా ఫీజు మాఫీ, బోధన సహాయకులుగా జీతం ఉంటాయి. లక్షలు అప్పు చేసి ఎమ్మెస్‌కు వెళ్లే ముందు ఆ దారి చూడండి.

## 12. దారి తప్పినప్పుడు

బ్యాక్‌లాగ్ పడింది. తర్వాతి నోటిఫికేషన్‌లోనే రాసేయండి. రెండు సెమిస్టర్లవి పోగుపడితే ఐదో సెమిస్టర్‌లో ఎంట్రన్స్‌కు సమయం మిగలదు. ఫిజికల్‌లో తప్పితే సిద్ధాంతం వదిలి ముందు లెక్కలు చేయండి.

హాజరు తగ్గింది. 75 శాతం కన్నా కిందికి పోతే పరీక్షకూ స్కాలర్‌షిప్‌కూ ముప్పే. పార్ట్‌టైమ్ పని చేస్తూ చదివే పిల్లలు ల్యాబ్ రోజులు మాత్రం వదలకండి. థియరీ ఇంట్లో చదువుకోవచ్చు, ప్రయోగం ఇంట్లో చేయలేరు.

కాలేజీలో ప్రాక్టికల్స్ చేయించడం లేదు. నలుగురైదుగురు కలిసి డిపార్ట్‌మెంట్ ఇన్‌ఛార్జిని కలవండి. ఏ ప్రయోగం, ఏ రసాయనం, ఏ రోజు అని రాసి ఇవ్వండి. "ల్యాబ్ పెట్టండి" అని నోటితో అంటే పని కాదు. "మంగళవారం మధ్యాహ్నం ఈడీటీఏ అంశమాపనం చేసుకుంటాం, సామాను మేమే కడిగి పెడతాం" అని రాస్తే చాలా చోట్ల ఒప్పుకుంటారు.

ఒక్క సబ్జెక్టూ అర్థం కావడం లేదు. ఎక్కడ ఆగిందో వెనక్కి వెళ్లి వెతకండి. సమన్వయ సమ్మేళనాలు రాకపోతే ఎలక్ట్రాన్ విన్యాసం, ఎలక్ట్రోకెమిస్ట్రీ రాకపోతే ఆక్సీకరణ సంఖ్య, స్పెక్ట్రోస్కోపీ రాకపోతే శక్తిస్థాయిలు. ఆ ఒక్క అధ్యాయం ఇంటర్ పుస్తకంలో చదివి మళ్లీ రండి. అలా వెనక్కి వెళ్లడానికి సిగ్గుపడిన విద్యార్థులే మూడో ఏడాదిలో ఇబ్బంది పడ్డారు.

కెమిస్ట్రీ మీకు సరిపడదని తెలిసింది. మొదటి ఏడాది చివరలోపు తెలిస్తే మంచిదే. ఇంట్లో చెప్పండి, లెక్చరర్‌తో మాట్లాడండి. గ్రూపు మార్చుకునే వీలుందేమో కాలేజీ ఆఫీసులో ఆ వారమే కనుక్కోండి.